చెయ్యి అందే చోటు

మా ఆయన కొత్త పికప్ బండికి వెనక తొట్టి కట్టించడానికి విజయవాడ ఆటోనగర్ వెళ్తుంటే, "నేనూ వస్తా"నన్నాను. "అక్కడ నీకేం పనీ?" అని నవ్వారు. నాకు పని ఉంది.

కిందటేడు మామిడికాయల సీజన్‌లో పాత బండికి డీజిల్ ముల్లు పనిచేయడం మానేసింది. ఆ ముల్లుని కదిపే ఫ్లోటు ట్యాంకు పైభాగాన ఉంటుంది. దానిమీదే తొట్టి అడుగు, మొత్తం వెల్డింగ్ చేసేసిన ఇనపరేకు. ఫ్లోటు మార్చాలంటే ట్యాంకునే కిందకి దించాలి, బండి ఒక రోజు ఆగాలి. "సీజన్ అయ్యాక చూద్దాంలే" అని అంచనా మీద నడిపారు. ఓ రాత్రి నూజివీడు నుంచి లోడుతో వస్తుంటే దారిలో డీజిల్ అయిపోయింది. ఎవరినో బతిమాలి తెచ్చి పోసినా, పైపుల్లో గాలి చేరి ఇంజన్ అందుకోలేదు. ఈలోగా ఫోన్ ఛార్జింగూ అయిపోయింది. తెల్లవారుజామున మూడింటికి గేటు చప్పుడయ్యేదాకా నేను వరండాలోనే కూర్చున్నాను.

ఆ రాత్రి నాకొకటి అర్థమైంది. చెయ్యి అందని చోట పని ఎప్పుడూ రేపటికే పోతుంది. మన వంటింట్లో సింకు కింద చూడండి. మూల పైపు దాకా చెయ్యి వెళ్లదు కాబట్టేగా, కారుతున్నా గిన్నె పెట్టి సరిపెట్టుకుంటాం!

అందుకే మేస్త్రిగారిని అడిగాను, "ట్యాంకుకి సరిగ్గా పైన ఒక మూత పెట్టగలరా?" అని.

"కోస్తే అడుగు బలం తగ్గుతుందమ్మా, వాన నీళ్లూ దిగుతాయి" అన్నారాయన.

"మా నీళ్ల సంపుకి మూత ఉంది, దాని మీదే స్కూటర్ పెడతాం కదండీ!"

ఆయన నవ్వి, టేపు తీసి కొలిచారు. రెండు అడ్డ బద్దీల మధ్యన కోసి, చుట్టూ యాంగ్లర్ ఫ్రేము, కింద రబ్బరు బీడింగు వేస్తానన్నారు. నేను బందులు పెట్టమన్నాను. పైకి లేచుంటే ట్రేలు తగులుతాయని, తలలు రేకులోకి దిగిపోయే నాలుగు బోల్టులు చాలన్నారు. అది ఆయనకి తెలిసిన పని, ఒప్పుకున్నాను. స్టెప్నీ మాత్రం లోడు దించకుండానే తీసుకునేలా పెట్టించాను.

మొన్న ముల్లు మళ్లీ మొరాయించింది. బోల్టులు విప్పి, వదులైన వైరు బిగించి అరగంటలో వచ్చేశారు. నన్నేమీ మెచ్చుకోలేదు. ఆదివారం మాత్రం టార్చి పట్టుకుని సింకు కింద దూరి, "ఈ చెక్క కోయించి ఇక్కడో చిన్న తలుపు పెట్టిస్తే నీకు సులువు కదూ?" అన్నారు.