అడిగితేనే తెలుగు

కెనడా ప్రభుత్వ శాఖ ఒకదాని కోసం మేమొక అప్లికేషన్ చేశాం. టెస్టింగ్ అంతా అయిపోయింది, ఇక పెట్టెయ్యడమే అనుకుంటుండగా రిలీజు ఆపేశారు. ఏవో రెండు ఎర్రర్ మెసేజిలకి ఫ్రెంచి అనువాదం రాలేదట! "ఇంగ్లీషుది ఇప్పుడు పెట్టేసి, ఫ్రెంచిది వచ్చేవారం చూసుకుందాం" అన్నాడు మా టీములో ఒకతను. "చట్టం ఒప్పుకోదు" అని అవతలావిడ ఒక్క ముక్కలో తేల్చేసింది.

అంత గట్టి చట్టమేమిటా అని ఆ రాత్రి చదువుతూ కూర్చున్నాను. పియెర్ ట్రూడో ప్రధానిగా ఉండగా 1969లో చేసిన అధికార భాషల చట్టం అది. కెనడాలో అందరికీ రెండు భాషలూ వచ్చేమో అనుకునేవాణ్ణి. 2021 జనాభా లెక్కల్లో చూస్తే రెండూ మాట్లాడగలిగినవాళ్ళు 18 శాతమే. అసలు చట్టం జనాన్ని రెండు భాషలు నేర్చుకోమనదు. నేర్చుకోవాల్సింది ప్రభుత్వం. 1988లో ఆ చట్టాన్ని కొత్తగా రాసినప్పుడు ఇంకో సంగతి చేర్చారు. రెండు భాషల్లో పనిచెయ్యాల్సిన ఆఫీసుకి మీరు వెళ్తే, మీకు ఏ భాష కావాలో మీరు అడగక్కర్లేదు. రెండూ ఉన్నాయని వాళ్ళే ముందు తెలియజెయ్యాలి. అందుకే అక్కడ కౌంటర్లో "హలో, బోఁజూర్" అని రెండూ కలిపి పలకరిస్తారు.

చెయ్యకపోతే? ఫిర్యాదు తీసుకోడానికి ప్రత్యేకంగా ఒక భాషా కమిషనరున్నారు. అదీ చాలకపోతే కోర్టుంది. 2000లో మిషెల్ తిబొడో అనే ఆయన ఎయిర్ కెనడా అనుబంధ సంస్థ విమానంలో ఫ్రెంచిలో సెవెనప్ అడిగితే అటెండెంటుకి ఫ్రెంచి రాలేదు. ఆయన కేసేశాడు. క్షమాపణ చెప్పి, 5 వేల చిల్లర డాలర్లు కట్టమని 2005లో ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది. సెవెనప్ కోసం కోర్టుకెళ్తారా అని మనకి నవ్వొస్తుంది :) నాకూ వచ్చింది. మా ఇంట్లో జరిగింది గుర్తొచ్చాక నవ్వు ఆగిపోయింది.

మాది తిరువూరు. ఊరు దాటి కాస్త ముందుకెళ్తే ఖమ్మం జిల్లా, అంటే తెలంగాణ. రెండువైపులా అధికార భాష తెలుగే. రెండువైపులా ఉర్దూ రెండో అధికార భాష (అటు 2017లో, ఇటు 2022లో). ఉమ్మడి రాష్ట్రంలో తెలుగుని అధికార భాష చేసిన చట్టం 1966 నాటిది. కెనడావాళ్ళకంటే మూడేళ్ళు ముందే మనం మేలుకున్నామన్నమాట!

మా నాన్న ఆరోగ్య బీమా తీసుకున్నాడు. నలభై పేజీల పాలసీ, అంతా ఇంగ్లీషు. నాన్నకి తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవందే పొద్దు గడవదు. ఇంగ్లీషు మాత్రం రాదు. "ఇక్కడొకటి, ఇక్కడొకటి పెట్టండి బాబాయ్ గారూ" అని ఏజెంటు వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. అందులో ఒకటి, 'ఇదంతా చదివి అర్థం చేసుకున్నాను' అనే మాట కింద. తెలుగులో సంతకం చేసేవాళ్ళ కోసం ఇంకో పేరా కూడా ఉంది, 'వీరికి వారి భాషలో వివరించాను' అని. దాని కింద ఏజెంటు సంతకం. వివరించింది ఏమీ లేదు. రెండేళ్ళ తర్వాత ఆస్పత్రి ఖర్చు అడిగితే, పాత జబ్బుకి ఇన్నేళ్ళు ఆగాలన్న నిబంధన చూపించి కుదరదన్నారు. "అదేదో తెలుగులో రాసుంటే అప్పుడే అడిగేవాణ్ణి కదరా" అన్నాడు నాన్న. నా దగ్గర జవాబు లేదు.

నిబంధనలు లేవా అంటే, ఉన్నాయి. బ్యాంకు ఫారాలు మూడు భాషల్లో ఉండాలని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. బీమా పాలసీ సారాంశం పత్రాన్ని కోరినవాళ్ళకి స్థానిక భాషలో ఇవ్వాలని 2024 జనవరి నుంచి నియమం ఉంది. ప్రభుత్వానికి మన గోడు మన భాషలోనే రాసుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణమే అంటోంది. చిక్కల్లా ఆ "కోరినవాళ్ళకి" అనే మాటతోనే. అడగొచ్చని తెలిసినవాళ్ళు ఇంగ్లీషు చదవగలరు. తెలుగు అవసరమైనవాళ్ళకి అడగొచ్చని తెలీదు. తెలిసినా, ఇంగ్లీషు రాదని పదిమందిలో ఒప్పుకోవడం నామోషీ.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది ఇట్టే అర్థమవ్వాలి. సెట్టింగు ఉండటం వేరు, డిఫాల్టుగా ఉండటం వేరు. ఎక్కడో నాలుగో మెనూలో దాచిన ఆప్షన్ని ఎంతమంది వాడతారో మనకి తెలుసు.

కెనడాని నెత్తిన పెట్టుకోమనట్లేదు. అక్కడ ఫ్రెంచికి ఇంత మర్యాద ఊరికే రాలేదు, వెనకాల క్విబెక్ ఉంది. 1995 రెఫరెండంలో విడిపోవద్దన్నవాళ్ళు 50.58 శాతమే. పైగా అక్కడి ఆదివాసుల భాషలకి ఆ మర్యాద దక్కలేదు. అయినా ఒక తేడా నన్ను తొలిచేస్తోంది. అక్కడ కాపాడుతున్నది దేశంలో తక్కువమంది మాట్లాడే భాషని. ఇక్కడ దిక్కులేకుండా ఉన్నది రెండు రాష్ట్రాల్లో ఎక్కువమంది మాట్లాడే భాష.

మన దగ్గర భాష అనగానే గొడవంతా బడి గురించే. 2019లో ఇంగ్లీషు మీడియం జీవోలు, 2020లో వాటిని హైకోర్టు కొట్టెయ్యడం, అటూ ఇటూ తిట్టుకోవడం. పిల్లలు ఏ మీడియంలో చదవాలో వాదించుకుందాం, తప్పులేదు. కానీ చదువైపోయి, అరవై ఏళ్ళొచ్చి, ఇప్పుడు సంతకాలు పెడుతున్నవాళ్ళ సంగతేమిటి? వాళ్ళకి కావాల్సింది భాషాభిమానం కాదు. సంతకం పెట్టే కాగితం, అడక్కుండానే, తెలుగులో.

ఆ కాగితాలు ప్రింటయ్యే సాఫ్ట్‌వేర్ రాస్తున్నది మనలాంటివాళ్ళమే. తెలుగు రాలేదని మనమెప్పుడైనా ఒక్క రిలీజు ఆపామా?