గుడ్డు నిండాలంటే

రండి, నెగడు దగ్గరికి జరగండి. భద్రాచలం పక్క అడవి అంచున పుష్యమాసపు చలి మామూలుగా ఉండదు. పొద్దు వాలితే చాలు, గోదావరి గాలి ముంగిట్లోకి వచ్చేస్తుంది. కోళ్లను గంపల కింద కమ్మేశాం కాబట్టి తీరిగ్గా మాట్లాడుకుందాం. కిందటిసారి వచ్చినప్పుడు మీరొకటి అడిగారు: పెట్టలు కడుపునిండా తింటున్నాయి, గుడ్లు మాత్రం తగ్గాయి, ఎందుకని? నాకూ ఒకప్పుడు ఇదే దిగులుండేది. తీర్చింది మా పక్కింటి కోయ అవ్వ.

ఆ ఏడు పత్తి ఏరే రోజుల్లో అడవిపిల్లి మా పెట్టలు రెండింటిని ఎత్తుకుపోయింది. భయపడి మిగతావాటికి దడి కట్టాను. నాలుగు నాటు పెట్టలు, రెండు గ్రామప్రియ జాతి పెట్టలు. పొద్దునా సాయంత్రం నూకలు, అన్నం మెతుకులు చల్లేవాణ్ని. రెండో వారానికే గుడ్లు సగమయ్యాయి. వచ్చినవి కూడా పలచటి పెంకువి. ఒకనాడైతే పెంకే లేని తోలుగుడ్డు దొరికింది. అవ్వ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, "పెట్టను కట్టేసినవు గద బిడ్డా, దాని తిండి ఎవరు ఏరుతరు? బువ్వతోని కడుపు నిండుతది, గుడ్డు నిండదు" అంది.

ఆ మాటలో ఎంత శాస్త్రముందో ఆలోచించండి. గుడ్లు పెట్టే కోడి మేతలో మాంసకృత్తులు 16 శాతం వరకు ఉండాలి. నూకల్లో అందులో సగమే ఉంటాయి. కాల్షియం మూడున్నర నుంచి నాలుగు శాతం కావాలి. బియ్యంలో అది లేనట్టే. తిరిగే కోడి ఈ లోటును తనే పూడ్చుకుంటుంది. ఎండుటాకులు గీకి చెదలు, మిడతలు, పురుగులు ఏరుకుంటుంది. లేత గడ్డి కొరుకుతుంది. మడి గట్టున నత్తగుల్ల ముక్కలు మింగుతుంది. మనం చల్లే గుప్పెడు గింజలు దానికి చిరుతిండి మాత్రమే. నేను దడి కట్టినప్పుడు ఆ అసలు తిండికి అడ్డుకట్ట వేశాను.

ఒక్కో గుడ్డు పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. పెంకు తయారు కావడానికి ఇరవై గంటల దాకా పడుతుంది. అందులో ఎక్కువ పని రాత్రిపూటే జరుగుతుంది. మేతలో చాలకపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. ఎముకల్లోనూ తరిగిపోతే పెంకు పలచబడుతుంది, ఆపైన గుడ్డే ఆగుతుంది. అందుకే గుల్ల ముక్కలు సాయంత్రం వేయడం మేలు. కందనకాయలో నిలిచి, రాత్రంతా కొంచెం కొంచెంగా అరుగుతాయి. పచ్చసొన సంగతి వేరు. అది పెద్దదవడానికి వారం పది రోజులు పడుతుంది. ఇవాళ వేసిన మునగాకు రంగు సొనలో కనబడాలంటే అన్నాళ్లు ఆగాలి.

అవ్వే దారి చూపింది. పాత కుండలో ఎండుగడ్డి, పేడ కూరి, నీళ్లు చిలకరించి, సాయంత్రం చెదపుట్ట పక్కన బోర్లించమంది. తెల్లారి ఎత్తితే కుండనిండా చెదలు! కోళ్లు ఎగబడి తిన్నాయి. నత్తగుల్లలు దంచి ఒక మూకుట్లో పెట్టాను. దడి తలుపు మధ్యాహ్నం నుంచి తెరిచి, నేను కాపలా ఉన్నాను. మూడు వారాలు తిరిగేసరికి పెంకు గట్టిపడింది, గుడ్లూ పెరిగాయి.

సంచి మేత కొంటే మంచిదేనా అంటారా? మంచిదే. కానీ ఒక్కరోజులో మార్చకండి. కొత్త మేతను కోడి అనుమానంగా చూస్తుంది, తినడం తగ్గిస్తుంది, గుడ్డు ఆగుతుంది. పాతదానిలో కొత్తది కలుపుతూ వారం పది రోజుల్లో మార్చండి. ఎదిగే పిల్లల మేత పెట్టలకు వేస్తే కాల్షియం చాలదు. గుడ్ల కోళ్ల మేత పిల్లలకు వేస్తే కాల్షియం ఎక్కువై మూత్రపిండాలు దెబ్బతింటాయి. మన ఖమ్మం వైపు పత్తి, మొక్కజొన్న ఇంటింటా ఉంటాయి కనుక ఇంకోమాట. పత్తిచెక్క ఎక్కువైతే సొన రంగు చెడుతుంది. బూజు పట్టిన మొక్కజొన్న కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పారేయండి. ఎండాకాలంలో నీళ్లు ఒక్కపూట తప్పినా గుడ్డు తప్పుతుంది.

అన్నిటికీ మేతే కారణం కాదు సుమా. పగళ్లు పొట్టివైనా, ఈకలు రాల్చుకుంటున్నా, పొదగడానికి కూర్చున్నా పెట్ట గుడ్లాపుతుంది. అది దాని విశ్రాంతి, ఒత్తిడి చేయకూడదు.

ఈ అడవిలో తిరిగే అడవికోడి, తాను పొదగగలిగినన్ని గుడ్లే పెడుతుంది. ఎవరి మేతా దానికి అక్కర్లేదు. మన నాటు పెట్ట దగ్గర ఏడాదికి యాభై అరవై ఆశిస్తాం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ దగ్గర 160 దాకా ఆశిస్తాం. ఎంత ఎక్కువ అడిగితే దానికి మనం అంత బాకీ. అడవి ఇచ్చేదాన్ని దడితో ఆపితే, ఆ బాకీ మన చేత్తో తీర్చాలి. అవ్వ చెప్పింది అదే.

నిప్పులు ఆరుతున్నాయి. ఇవాళ సాయంత్రం మళ్లీ ఓ కుండ బోర్లించాను. ఇక్కడే పడుకోండి. మబ్బులనే లేచి ఇద్దరం కలిసి ఎత్తుదాం.