వెనక్కి తిప్పరా చిన్నోడా!

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఈలీ అని చిన్న ఊరుంది. అక్కడి నుంచి యూఎస్ 6 హైవే పట్టుకుని పడమరకి వెళితే టోనోపా వస్తుంది. రెండిటి మధ్య దూరం 168 మైళ్లు, అంటే 270 కిలోమీటర్లు. ఇంచుమించు విజయవాడ నుంచి హైదరాబాద్ అంత. హైదరాబాద్ రోడ్డు మీద అయితే పది నిమిషాలకో బంకు, ఎక్కడ పడితే అక్కడ టీ కొట్టు. ఇక్కడ మాత్రం దారి మొత్తంలో ఒక్క బంకు కూడా లేదు. ఊరి చివర ఆ సంగతి చెప్పే బోర్డు కూడా పెట్టారు. నేను చదివాను. నవ్వుకుని ముందుకెళ్లాను.

మేముండేది శాక్రమెంటో దగ్గర. నాకో డీజిల్ పికప్ ట్రక్కు, దాని వెనక తగిలించుకునే 27 అడుగుల ట్రైలర్ ఉన్నాయి. ట్రైలర్ అంటే చక్రాల మీద చిన్న ఇల్లు. మంచాలు, స్టవ్వు, బాత్రూమ్ అన్నీ ఉంటాయి. కిందటి మే నెలలో అమ్మా నాన్నా ఇండియా నుంచి వచ్చారు. హోటల్ తిండి అమ్మకి పడదు. అందుకే రైస్ కుక్కర్, ఆవకాయ సీసాలతో సహా ఇల్లునే లాక్కుని బయల్దేరాం.

నాన్న రిటైరైన లారీ డ్రైవర్. ఇరవై ఏళ్లకు పైగా గుంటూరు నుంచి నాగపూర్‌కి మిర్చి బస్తాలు తోలారు. ముల్లు సరిగ్గా పనిచేయని లారీలో ట్యాంకులోకి పుల్ల పెట్టి, తడి ఎంతవరకు వచ్చిందో చూసి డీజిల్ లెక్క కట్టేవారట. నా ట్రక్కులో టచ్‌స్క్రీన్ చూసి, "బాగుందిరా" అన్నారు. అంతకన్నా ఏమీ అనలేదు.

ట్రైలర్‌ని ఈలీలోనే ఆపి, ఉత్త ట్రక్కుతో గ్రేట్ బేసిన్ నేషనల్ పార్క్‌కి వెళ్లొచ్చాం. 13,063 అడుగుల వీలర్ పీక్ కింద వేల ఏళ్ల వయసున్న బ్రిసిల్‌కోన్ పైన్ చెట్లున్నాయి. అమ్మ దూరం నుంచే వాటికి దణ్ణం పెట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ట్రైలర్ తగిలించి టోనోపాకి బయల్దేరాం. ఈలీలో బంకు ముందు స్లో చేశాను. లోపల కార్లు నిండుగా ఉన్నాయి. అంత పొడవు బండి తిప్పడానికి చోటు లేదు. స్క్రీన్ మీద చూస్తే ఇంకా 370 మైళ్లు వస్తుందని ఉంది.

"పోయించవా?" అన్నారు నాన్న.

"అవసరం లేదు నాన్నా. 370 వస్తుంది, మనకి కావాల్సింది 168."

"ఎవరు చెప్పారు?"

"కంప్యూటర్."

నాన్న కిటికీలోంచి రోడ్డు పక్కన గడ్డి ఎటు వంగిందో చూస్తూ కూర్చున్నారు.

ఊరు దాటగానే ఘాట్. మర్రీ సమ్మిట్, 7,316 అడుగులు. పైకి వెళ్లాక పడమటి గాలి ఎదురుగా కొట్టడం మొదలైంది. ట్రైలర్ ముందు భాగం గోడలా ఉంటుంది కదా, ఆ గోడని గాలిలోకి తోస్తున్నట్టే ఉంది. స్క్రీన్ మీద 370 కాస్తా 290 అయింది. తర్వాత 220. కర్రంట్ సమ్మిట్ కూడా దాటి కిందికి దిగేసరికి 150.

అప్పుడు వెలిగింది నాకు. ఎంత దూరం వస్తుందో ఆ కంప్యూటర్ ఊహించడం లేదు. వెనక నడిచిన మైలేజీని బట్టి గుణిస్తోంది, అంతే. దాని దగ్గరున్నది నిన్న ట్రైలర్ లేకుండా తిరిగిన డేటా. ఆఫీసులో జూనియర్ ఎవరైనా ఇలా పాత డేటాతో అంచనా వేస్తే కోడ్ రివ్యూలో ఉతికి ఆరేసేవాడిని. ఇక్కడ నేనే నమ్మేశాను.

రెండు రోడ్లు కలిసే కర్రంట్ దగ్గర బండి పక్కకి ఆపి చేత్తో లెక్క వేశాను. నా ట్యాంకు 32 గ్యాలన్లు, సుమారు 121 లీటర్లు. ఈలీలో బయల్దేరేటప్పుడు ఉన్నది 22 గ్యాలన్లు. వచ్చిన దూరం దాదాపు 50 మైళ్లు, అయిపోయింది 7 గ్యాలన్లు. అంటే గ్యాలన్‌కి ఏడు మైళ్లే. ట్రైలర్ లేకపోతే పద్దెనిమిది ఇచ్చే బండి ఇది! మిగిలిన 15 గ్యాలన్లతో 105 మైళ్లు వెళ్తాం. టోనోపాకి ఇంకా 120 ఉంది.

"నిదానంగా వెళితే సరిపోతుందేమో" అన్నాను. నా గొంతులో ధైర్యం నాకే వినపడలేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. వెనక సీట్లో అమ్మ బీపీ మాత్ర వేసుకుంటోంది. మా ఆవిడ నా వైపు చూసి ఏమీ అనకుండా ఊరుకుంది.

"వెనక్కి తిప్పరా చిన్నోడా" అన్నారు నాన్న. "ముందు ఏముందో మనకి తెలీదు. వెనక యాభై మైళ్లలో బంకుంది, అది తెలుసు. వచ్చేటప్పుడు ఆపిన గాలే పోయేటప్పుడు తోస్తుంది."

డీజిల్ బండి పూర్తిగా ఎండితే మళ్లీ డీజిల్ పోస్తే చాలదు. లైన్లో గాలి పడుతుంది, దాన్ని తీయాలి. ఇప్పటి ఇంజన్లలో హై ప్రెషర్ పంపుకి లోపల జారుడునిచ్చేది డీజిలే. అది లేకుండా తిరిగితే పంపే పోవచ్చు. పాత లారీల్లో గాలి తీయడం నాన్న చేత్తోనే చేసేవారు. "ఇప్పుడు ఇక్కడ చేయమంటే నా వల్ల కాదు" అన్నారు.

తిప్పాను. వెనక్కి వెళ్తుంటే గ్యాలన్‌కి పదకొండు మైళ్లు దాటింది. ఈలీలో ట్రైలర్‌ని ఊరి చివర ఖాళీ స్థలంలో విప్పి, ఉత్త ట్రక్కు తీసుకెళ్లి నిండా పోయించాను. పొద్దున్నే చేయాల్సిన పని అది. మొత్తం రెండున్నర గంటలు పోయాయి. నాన్న దాని గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటేనే నాకు బాగుండేది.

రెండోసారి వెళ్లేటప్పుడు రోడ్డు కనపడింది. రైల్‌రోడ్ వ్యాలీ అనే లోయ వచ్చింది. 1954లో నెవాడాలో మొదట చమురు దొరికింది అక్కడే. డీజిల్ అయిపోయి ఆగి ఉంటే చమురు నేల మీదే ఆగేవాళ్లం! తర్వాత మూతబడిన వార్మ్ స్ప్రింగ్స్. చీకటి పడ్డాక టోనోపా. ఊరు దాటి కాస్త పక్కకి వెళితే ఆకాశం నిండా చుక్కలు. చిన్నప్పుడు లారీ టాప్ మీద పడుకుని చూసినట్టుందని అన్నారు నాన్న.

ఇంటికొచ్చాక అదనపు ట్యాంకు పెట్టించాలని నిర్ణయించుకున్నాను. ట్రక్కు వెనక తొట్టిలో, క్యాబిన్‌కి ఆనించి బిగించే 60 గ్యాలన్ల ట్యాంకు చూశాను. పెద్దదే కొనేద్దాం అనుకున్నాను.

నాన్న అడిగారు, "బండి ఎంత మోస్తుంది?"

డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు వేయొచ్చో అందులో రాసి ఉంటుంది. నా ట్రక్కుకి 2,100 పౌండ్లు. ఇక లెక్క చూడండి. ట్రైలర్ బరువు 7,000 పౌండ్లు. అందులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రక్కు మీదే పడుతుంది. నాది 900. హిచ్ సామగ్రి 100. నలుగురు మనుషులం 620. జనరేటర్, పనిముట్లు, కుర్చీలు 180. మొత్తం 1,800. మిగిలింది 300 పౌండ్లు, 136 కిలోలు.

డీజిల్ గ్యాలన్‌కి 7.1 పౌండ్లు. 60 గ్యాలన్లంటే 426, ఖాళీ ట్యాంకు ఇంకో 120. మొత్తం 546. బండి లాగుతుంది, అందులో అనుమానం లేదు. బ్రేకులు, టైర్లు, వెనక ఇరుసు మాటేమిటి? ఓవర్‌లోడ్‌తో ఘాట్ రోడ్డులో కమాన్ కట్టలు విరిగి లారీ పక్కకి ఒరిగిన రాత్రి గురించి ఆ రోజు మొదటిసారి చెప్పారు నాన్న. అప్పటికి నాకు మూడేళ్లట.

చివరికి 30 గ్యాలన్ల ట్యాంకు పెట్టించాను. డీజిల్ 213, ట్యాంకు 80, మొత్తం 293 పౌండ్లు. ఇంకా ఏడు పౌండ్లు మిగులు. డ్యాష్‌బోర్డు మీద స్విచ్ వేస్తే చిన్న పంపు అందులోంచి అసలు ట్యాంకులోకి డీజిల్ పంపుతుంది.

మీరూ ఇలాంటిది ఆలోచిస్తుంటే రెండు మాటలు. పెట్రోల్ బండికి ఇది అంత తేలిక కాదు. డీజిల్ ఆవిరికి నిప్పంటుకోవాలంటే అది 52 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కాలి, పెట్రోల్ ఆవిరికి మైనస్ 40 దగ్గరే చాలు. రెండోది, మన దేశంలో కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు.

నిజం చెప్పాలంటే, ఆ రోజు ఈలీలో నింపుకుని ఉంటే అసలు ట్యాంకే సరిపోయేది. గ్యాలన్‌కి ఏడు చొప్పున 32 గ్యాలన్లతో 224 మైళ్లు వెళ్లొచ్చు. కొత్త ట్యాంకు వల్ల లాభం ఒక్కటే. ట్రైలర్‌తో ఇరుకు బంకుల్లోకి దూరక్కర్లేదు, చోటున్న దగ్గరే పోయించుకోవచ్చు.

అక్టోబర్‌లో మా ఆవిడా నేనూ మళ్లీ అదే దారిలో వెళ్లాం. ఈలీలో ట్రైలర్ తగిలించక ముందే రెండు ట్యాంకులూ నింపాను. కర్రంట్ దగ్గర ఆగి, మేం బండి తిప్పిన చోటు ఫొటో తీశాను. సిగ్నల్ టోనోపాలో వచ్చింది, అప్పుడు నాన్నకి వాట్సాప్‌లో పంపాను. 'ఫుల్ ట్యాంక్ నాన్నా, 62 గ్యాలన్లు' అని రాశాను.

అక్కడ అప్పటికి తెల్లారింది. వెంటనే జవాబొచ్చింది.

'గాలి ఎటుంది?'