డిలీట్ కాని ఫైళ్లు



సికింద్రాబాద్‌లో మా హాస్టల్ రూమ్ అందరికీ ఒకటే పెన్‌డ్రైవ్. కులం, ఆదాయం సర్టిఫికెట్ల స్కాన్లు, మా అవ్వ పాటల రికార్డింగులు అందులోనే. పోయిన నెల ఫైళ్లు డిలీట్ చేస్తే పోయినట్టే పోయి, డ్రైవ్ తీసి పెడితే మళ్లీ కనిపించినయ్. ఫార్మాట్ కూడా కాలే.

పార్క్‌లేన్ సీటీసీలో రిపేర్ చేసే అన్న చెప్పిండు: ఫైల్ ఎక్కడన్నా తెరిచి ఉంటే మూసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలె. వేరే కంప్యూటర్‌లోనూ అదే తీరుంటే చాలాసార్లు లోపలి చిప్ అరిగినట్టే. అప్పుడది చదవనిస్తది, రాయనియ్యది. ఆ చదవనిచ్చేది కూడా ఎన్నాళ్లో చెప్పలేం.

సర్టిఫికెట్లు మీసేవలో మళ్లీ తీసుకోవచ్చు. అవ్వ ఇప్పుడు లేదు. అందుకే డిలీట్ సంగతి తర్వాత, ముందు అన్నీ కాపీ చేసుకోండి. మన ఊరి పాటలు, కథలు రికార్డ్ చేసినోళ్లు రెండు చోట్ల దాచండి.