మా తాత పాతిన కడీలు

సావనీరుకు ఏదైనా వ్రాసి ఇమ్మని యూనియన్ మిత్రులు వారం రోజులుగా వెంటపడుతున్నారు. నాకు కథలు రావు, కవిత్వం అసలే రాదు. అందుకని మా తాత సంగతే వ్రాస్తున్నాను.

మేము ఫిల్మ్‌నగర్ బస్తీలో ఉంటాము. ఆ మాట చెప్పగానే క్లాసులో అందరూ "ఏ హీరోను చూశావు?" అని అడుగుతారు. నిజం చెప్పాలంటే నేను ఎక్కువగా చూసినవి ప్రహరీగోడలే!

తాత పాలమూరు నుండి 1970ల చివర్లో ఇక్కడికి వలస వచ్చాడు. రాళ్ళు కొట్టే పని. జూబ్లీహిల్స్ సహకార గృహనిర్మాణ సంఘం 1960ల్లోనే ఏర్పడినా, తాత వచ్చేనాటికి ఎటు చూసినా బండలు, గడ్డి, సీతాఫలం చెట్లేనట. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారు అన్నపూర్ణ స్టూడియో ప్రారంభించారు. సినిమా పరిశ్రమ మద్రాసు నుండి మెల్లమెల్లగా ఇటు తరలుతోంది. ఇల్లు కట్టేవాళ్ళకంటే ముందు హద్దు వేసుకునేవాళ్ళు వచ్చారు. తాతకు చేతినిండా పని!

పని చూడటానికి సులువే. తాడు పట్టి, గడ్డపారతో గుంత తీసి, రాతి కడీ నిలబెట్టి, చుట్టూ చిన్నరాళ్ళు దట్టించాలి. మూలకడీకి ఏటవాలుగా ఊతరాయి పెట్టాలి, లేకుంటే తీగ బిగించగానే వంగిపోతుంది. అడుగున బండ తగిలితే ఉలితో తొలచాలి. అమెరికాలోని గడ్డిమైదానాల్లో వలస రైతులకు కంచె వేద్దామంటే కలప దొరకలేదు. 1874లో గ్లిడెన్ అనే ఆయన ముళ్ళతీగకు పేటెంటు తీసుకున్నాక ఆ మైదానాలు ముక్కలైపోయాయి. మా గుట్టల మీద రాతికి కరువు లేదు. ముళ్ళతీగ మాత్రం అదే!

ఒకనాడు తాత తీగ లాగుతుండగా మేకలు తోలుకొని ఒక లంబాడా ఆమె వచ్చింది. "తమ్ముడూ, నీళ్ళకు పోయే దారి ఇదే గదా! ఇప్పుడెట్ల పోవాలె?" అంది. తాత ఏమనుకున్నాడో, ఒకచోట కింది తీగ కట్టకుండా వదిలేశాడు. రెండు రోజులకు మేస్త్రీ చూశాడు. రెండు రోజుల కూలి కోశాడు. తాత తన చేత్తోనే ఆ తీగ బిగించాడు.

"మరునాడు మేకలొచ్చి కంచె కాడ నిలబడ్డయి బిడ్డా. ఆమె నన్ను తిట్టలే. తిట్టినా బాగుండు" అంటాడు తాత ఇప్పటికీ.

కంచెలన్నీ చెడ్డవని నేననను. 1998లో జాతీయవనమైన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు చుట్టూ కంచె లేకపోతే ఈ మహానగరం మధ్య నెమళ్ళు మిగిలేవా? మా వైపు పశువులు మేసే బీడును కూడా 'కంచ' అనే అంటారు. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల మీదికి బుల్‌డోజర్లు వచ్చినప్పుడు, హైదరాబాదు విశ్వవిద్యాలయం విద్యార్థులు అడ్డం నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులు ఆపించింది. కంచె ఎవరిని ఆపుతోంది, ఎవరి కోసం ఆపుతోంది అన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్న పోయిన వేసవిలో మా ఇంటికే వచ్చింది. ఇంటి పక్క సందు మూసేసి వంటగది పెంచుదామన్నాడు నాన్న. వెనుక నాలుగిళ్ళవాళ్ళు కుళాయికి వచ్చేది ఆ సందులోంచే. అయినా నాకూ ఆశ పుట్టింది... చదువుకోవడానికి ఒక మూల దొరుకుతుందని. నేనే తాడు పట్టాను. "తాతా, గుంత ఎక్కడ తీయాలో చూపించు" అన్నాను.

తాత లేవలేదు. "మేక పోయేంత సందన్న ఉంచున్రి" అన్నాడు. అంతే.

నాన్న రెండు రోజులు అలిగాడు. నేను తాడు చుట్టి అటక మీద పెట్టేశాను. ఈ వ్యాసం వంటింట్లో, పొయ్యి పక్కన కూర్చుని వ్రాస్తున్నాను. సందులో బిందెల చప్పుడు వినబడుతూనే ఉంది.