ఒకే పుస్తకం... తలో తీర్పు

కొత్త ఆవకాయ జాడీ తీసినప్పుడు ఇంటిల్లిపాదీ ఒకే మాట అనడం ఎప్పుడైనా విన్నారా? ఒకరికి ఉప్పెక్కువ, ఒకరికి కారం చాల్లేదు, ఇంకొకరికి ఆవపిండి ఘాటు. మా ఇంట్లో ఒక పుస్తకానికీ అదే గతి పట్టింది. దాని పేరు 'ది మిస్ట్రెస్ ఆఫ్ స్పైసెస్'. చిత్రా బెనర్జీ దివాకరుని ఇంగ్లిషులో రాసిన నవల, 1997లో వచ్చింది. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో నాకు దొరికింది. అప్పట్నుంచీ మా వాళ్లందరి చేతులూ మారింది. అట్ట చిరిగిపోయింది కానీ వాదన మాత్రం తెగలేదు!

రచయిత్రి పుట్టింది కలకత్తాలో. చదువుకోసం 1976లో అమెరికా వెళ్లారు. దివాకరుని అన్నది అత్తింటివారి పేరు, మన తెలుగు చెవికి ఇట్టే తెలిసిపోయే ఇంటిపేరు. అందుకేనేమో, చదవకముందే ఆవిడ మనావిడ అనిపించింది.

కథ చెబుతాను. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, ఓక్లండ్ నగరం. అక్కడ తిలో అనే ముసలమ్మ మసాలా దినుసుల కొట్టు నడుపుతుంటుంది. పైకి ముడతలుపడ్డ ఒళ్లు, లోపల పడుచు మనసు. ఎక్కడో ఒక ద్వీపంలో దినుసుల విద్య నేర్చుకుని, మంటల్లో నడిచి, ఆ ముసలి రూపంతో ఇక్కడికొచ్చింది. కొట్టుకు వచ్చేవాళ్ల గుండెలో ఏ బాధ ఉందో ఆమెకు తెలిసిపోతుంది. దానికి తగ్గ దినుసు పొట్లం కట్టి ఇస్తుంది. అయితే మూడు కట్టుబాట్లు. కొట్టు గడప దాటకూడదు. ఎవరినీ ముట్టుకోకూడదు. ఆ మహిమను తన కోసం వాడుకోకూడదు. వీటిని ఆమె ఒక్కొక్కటిగా ఎలా తప్పిందో, ఏం మూల్యం చెల్లించిందో చెప్పేదే నవల. అధ్యాయాల పేర్లు కూడా పసుపు, దాల్చినచెక్క, మెంతులు, ఇంగువ... ఇలా సాగుతాయి.

మొదటి తీర్పు మా అమ్మది. ఎనభై దాటిన ఆవిడకు ఇంగ్లిషు రాదు. రోజుకింత చొప్పున మధ్యాహ్నాలు నేనే తెలుగులో చెప్పాను. మహిమల దగ్గర ఆవిడకు కించిత్తు ఆశ్చర్యం కలగలేదు. 'ఎండుమిరపకాయలతో దిష్టి తీయమూ? ఉప్పు చేతికిస్తే గొడవలొస్తాయని కింద పెట్టి తీసుకోమనమూ? ముట్టుకోకుండా ఇవ్వడంలో వింతేముందే?' అంది. పండితులు పెద్ద పెద్ద పేర్లు పెట్టే విషయం అమ్మకు వంటింటి సంగతి. 'కానీ ఆ పిల్లని అంత ముసలిదాన్ని చెయ్యడం అన్యాయం' అని మాత్రం నాలుగు రోజులు బాధపడింది.

రెండో తీర్పు పక్కవాటా మాస్టారిది. ముప్ఫయ్యేళ్లు కాలేజీలో ఇంగ్లిషు పాఠాలు చెప్పిన మనిషి. రెండు రోజుల్లో చదివేసి తిరిగిచ్చారు. 'ఏముందమ్మా, ఈ వంట ఇదివరకే ఒకావిడ వండేసింది' అన్నారు. మెక్సికో రచయిత్రి లారా ఎస్కివెల్ 1989లో రాసిన 'లైక్ వాటర్ ఫర్ చాక్లెట్' గురించి ఆయన మాట. అందులో నెలకో అధ్యాయం, అధ్యాయానికో వంటకం. వంట చేసే అమ్మాయి కన్నీళ్లు పెళ్లి కేకులో కలిస్తే, తిన్నవాళ్లంతా ఏడుస్తారు. 'అక్కడ కథలోంచి మహిమ పుట్టింది. ఇక్కడ మహిమ కోసం కథను వెతుక్కున్నారు. పైగా వాక్యం వాక్యానికీ ఒక ఉపమానం. పాయసంలో జీడిపప్పే గానీ బియ్యం కనబడదు' అని తేల్చేశారు.

మూడో తీర్పు మా అమ్మాయిది. తను ఫ్రీమాంట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. ఓక్లండ్‌కు అట్టే దూరం కాదు. ఫోన్లోనే విరుచుకుపడింది. 'అమ్మా, ఇదంతా తెల్లవాళ్లను మురిపించడానికి రాసింది. మనం కనబడగానే వాళ్లకి పసుపు, చీర, మంత్రం గుర్తురావాలి. నేను కందిపప్పు ఫోన్లో ఆర్డరిస్తాను. నా బాధలు ఏ ముసలమ్మకీ తెలియవు, మా మేనేజరుకి తప్ప!' అంది. తిలో ప్రేమించిన రేవెన్ అనే అమెరికన్ మీద దానికి మరీ కోపం. 'చివరికి మనల్ని ఉద్ధరించడానికి వాడే కావాలా?' అని. అతని తల్లివైపు వాళ్లు అమెరికా ఆదివాసులనీ, అతనూ సొంత మూలాలు పోగొట్టుకున్నవాడేననీ గుర్తుచేశాను. వినలేదు.

దాని కోపంలో న్యాయం లేకపోలేదు. పసుపు విషయంలో మనవాళ్లకి అప్పట్లో ఒళ్లు మండే ఉంది. గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చేశారు. మన సీఎస్ఐఆర్ సంస్థ పాత గ్రంథాల రుజువులు చూపించి, దాన్ని రద్దు చేయించింది. అదీ ఈ నవల వచ్చిన 1997లోనే! అలాంటి రోజుల్లో మన పోపుపెట్టెను తీసుకెళ్లి అమెరికా పుస్తకాల షాపులో పెట్టారంటే కొందరికి చివుక్కుమనదూ? 2005లో ఐశ్వర్యారాయ్‌తో తీసిన సినిమా ఈ అనుమానాన్ని ఇంకా పెంచింది. అందులో తిలో ముసలమ్మే కాదు, మొదట్నుంచీ అందాల రాశే. ఇక ఆ కట్టుబాట్ల బరువు చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది?

నాలుగో తీర్పు మా చెల్లెలిది. పెళ్లయి 1999లో న్యూజెర్సీ వెళ్లింది. భర్తకు హెచ్-1బి, తనకు హెచ్-4 వీసా. ఎమ్మెస్సీ చదివినా ఉద్యోగం చేసే వీల్లేదు. హెచ్-4 మీద ఉన్నవాళ్లలో కొందరికి, అంటే భర్తల గ్రీన్‌కార్డు వ్యవహారం కొంత ముందుకు సాగినవాళ్లకి, 2015లో గానీ పనిచేసుకునే అనుమతి రాలేదు. అప్పటికి మా చెల్లెలు తిరిగొచ్చేసింది కూడా. పుస్తకం ఇక్కడికొచ్చాకే చదివింది. మా అమ్మాయి మాట చెబితే నవ్వి ఊరుకోలేదు.

'అక్కా, దానికి కారుంది, జీతముంది. కొట్టు దానికేం అవసరం? మా మొదటి అయిదేళ్లూ వారానికోసారి ఆయన తీసుకెళ్లే ఇండియన్ కొట్టే నాకు ఊరూ, సంతా, గుడీ. కరివేపాకు రెబ్బ తీసి వాసన చూసుకుంటూ నిలబడేదాన్ని. అక్కడికి మన తెలుగావిడే ఒకామె వచ్చేది. మండు వేసవిలో కూడా మోచేతుల కిందిదాకా జాకెట్టు. బేరం, డబ్బు అన్నీ మొగుడే. ఆమె నోరు విప్పగా నేను వినలేదు. ఒకరోజు అతను బియ్యం బస్తా కారులో పెట్టడానికి బయటికెళ్లాడు. కౌంటర్లో ఉండే గుజరాతీ ఆవిడ, కొత్తిమీర కట్టలో ఒక చిన్న చీటీ మడిచిపెట్టి ఆమె సంచీలో వేసింది. ఏదో ఫోన్ నంబరు. ఆ తర్వాత ఆమె ఆ కొట్టుకు రాలేదు. ఏమైందో ఇప్పటికీ తెలీదు' అంది.

నవల్లోనూ అలాంటి ఇల్లాలు ఉంది. పేరు లలిత. తిలో చాలాకాలం ఆమెను 'అహూజా భార్య' అనే పిలుస్తుంది. కుట్టుపనిలో నేర్పరి. ఇంట్లో భర్త పెట్టే హింస ఎవరికీ చెప్పుకోలేదు. మా చెల్లెలు ఆ పేజీలు మూడుసార్లు చదివిందట. మాస్టారికి ఉపమానాలు ఎక్కువైన పుస్తకంలోనే తను చూసిన మనిషి దానికి కనబడింది.

ఇందరి మాటా విన్నాక నాకొకటి అనిపించింది. మహిమ ఉందా లేదా, అది మనదా పరాయివాళ్ల కోసమా అని వాదించుకుంటున్నాం. కానీ ఈ నవల్లో మసాలాలు అసలు ఏపాటి పని చేశాయో చూడండి. బడిలో తలపాగా చూసి తోటివాళ్లు ఏడిపించే జగ్జీత్ అనే సిక్కు కుర్రాడికి తిలో దాల్చినచెక్క ఇస్తుంది, స్నేహితులు దొరకాలని. దొరికారు, కానీ రౌడీ మూక! లలితకు పసుపు ఇస్తుంది. చివరికి లలితను గట్టెక్కించింది పసుపు కాదు, ఇల్లు విడిచి ఆమె వేసిన అడుగు, తలదాచుకోవడానికి దొరికిన ఆశ్రయం. మనవరాలు గీత మెక్సికో మూలాలున్న కుర్రాణ్ని ప్రేమించిందని ఆ ఇంట్లో తాతగారు, తల్లిదండ్రులు భగ్గుమంటే, వాళ్ల కోసం తిలో కొట్టు దాటి బయటికి వెళ్లాల్సి వస్తుంది. గడప దాటకుండా, చెయ్యి తగలకుండా పొట్లాలు మాత్రం కట్టిస్తే సరిపోదని ఆమెకు అర్థమవుతూ వస్తుంది. నాకు తెలిసినంతలో నవల చెప్పేది అదే. మహిమ కట్టుబాట్లు తప్పినప్పుడే తిలో మనుషులకి పనికొచ్చింది.

రచయిత్రి దీన్ని ఊహించి మాత్రమే రాయలేదు. ఇళ్లలో హింసపడే దక్షిణాసియా మహిళలకు ఫోన్లో సాయం అందించే 'మైత్రి' సంస్థను 1991లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో మొదలుపెట్టిన వాళ్లలో ఆమె ఒకరు. నవలకు ఆరేళ్లు ముందు! న్యూజెర్సీలో 'మానవి' 1985 నుంచే ఉంది. ఫోనుకు అవతల కూర్చుని విన్న మనిషి లలిత కథ రాసింది. అది తెలిశాక నాకు ఆ పసుపు, మెంతుల వెనక ఎవరున్నారో కనబడింది. మాస్టారు అన్న జీడిపప్పు ఎక్కువే, ఒప్పుకుంటాను. బియ్యం మాత్రం ఉంది.

మా అమ్మాయి ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలని కూడా నేననుకోను. ఆ పుస్తకంలో తన జీవితం లేకపోవడం మంచిదే కదా!

వచ్చే నెల మా మేనల్లుడి భార్య డల్లాస్ వెళుతోంది. కొత్తగా పెళ్లయిన పిల్ల. మా వాడు బంగారమే, అనుమానమేమీ లేదు. అయినా సూట్‌కేసులో పసుపు, కారం పొట్లాల మధ్య ఈ చిరిగిన పుస్తకం కూడా సర్దాను. లోపల ఒక చీటీ, దాని మీద నాలుగు ఫోన్ నంబర్లు. మొదటిది మా చెల్లెలిది.