తీగ మీద తెలుగు

మా హొసూరు బజారులో ఒకే అంగడి మీద ముప్పై ఏళ్ళలో నాలుగు బోర్డులు చూశాను. మొదట ఎస్టీడీ, ఐఎస్డీ, పీసీఓ అన్న పసుపు బోర్డు. తరువాత ఇంటర్నెట్ సెంటరు. ఆ తరువాత జెరాక్సు, మొబైల్ రీచార్జి. ఇప్పుడు ఆన్‌లైన్ సేవలు: ఆధార్ దిద్దుబాటు, రైలు టికెట్టు, జీఎస్టీ రిటర్ను. యజమాని ఆయనే, గల్లాపెట్టె అదే. ఎదురుగా ఉన్న మా అచ్చాపీసుకు మాత్రం నాయన కాలం నాటి బోర్డే ఉంది. తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లీషు నాలుగింటిలోనూ పని చేసి ఇస్తామని దాని మీద రాసి ఉంటుంది. ఆ నాలుగింటిలో ఎదుటి అంగడి బోర్డు మీదికి ఎన్నడూ ఎక్కనిది తెలుగు ఒక్కటే.

ఇంటర్నెట్ కంపెనీలు మనబోటివాళ్ళకు ఏం తెచ్చాయో లెక్క చూసుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. డబ్బుల లెక్క చూసేవాళ్ళు వేరే ఉన్నారు. కంపోజిటరు కొడుకును గనుక నేను అక్షరాల లెక్క చూస్తాను.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అమ్మకం 1995 ఆగస్టు 15న మొదలయింది. అమ్మింది విదేశ్ సంచార్ నిగమ్ అనే ప్రభుత్వ సంస్థ. మద్రాసు వంటి మహానగరాలకే మొదట ఆ భాగ్యం. సెకనుకు 9.6 కిలోబిట్ల వేగం. 250 గంటలకు 5,000 రూపాయలు. చిన్న ఊరివాడికి కావాలంటే ఆ నగరానికి ఎస్టీడీ డబ్బులు కట్టి డయల్ చేసుకోవాలి. 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు తలుపు తీశారు. ముందు వరసలో వచ్చినవాటిలో సత్యం ఇన్ఫోవే ఒకటి. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్సుకు అది పిల్ల కంపెనీ, కాపురం మద్రాసులో. 1999 అక్టోబరులో అది అమెరికాలోని నాస్‌డాక్ ఎక్కింది. ఇంటర్నెట్ వ్యాపారం చేసే మన దేశపు కంపెనీ ఒకటి అక్కడికి చేరడం అదే మొదలు. మరుసటి నెలలో ఇండియావరల్డ్ అనే సైట్ల గుంపును 499 కోట్ల రూపాయలకు బేరం చేసింది. వార్తలకు సమాచార్, వెతుకులాటకు ఖోజ్, ఆటలకు ఖేల్, వంటలకు బావర్చి ఆ గుంపులోవే.

ఆ రోజుల్లో మా టీ అంగడి దగ్గర ఈ వార్త వారం రోజులు నడిచింది. “తెలుగోళ్ళ కంపెనీ, అందులోనూ మద్రాసులో ఉండేది. మన బాధ వాళ్ళకు తెలీకుండా పోతుందా?” అన్నాడొక రిటైరయిన మేష్టారు. పక్కనున్న తోళ్ళ వ్యాపారి నవ్వి, “వ్యాపారానికి తెలుగేమి, తమిళమేమి స్వామీ! లాభమే దాని భాష” అన్నాడు. ఇద్దరి మాటా నాకు జ్ఞాపకం ఉండిపోయింది.

ఇంటర్నెట్ కంపెనీ అమ్మేవి మూడు. ఒకటి దారి, అంటే కనెక్షను. రెండు ఆ దారిలో దొరికే సరుకు, అంటే వార్తలు, ఆటలు, కబుర్లు. మూడు ఇతర వ్యాపారాలకు చేసిపెట్టే పని. మా ఊరికి మొదట చేరింది దారే. 2000లో నేను కూడా అచ్చాపీసు ముందు గదిలో రెండు కంప్యూటర్లు పెట్టి గంట లెక్కన ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టాను. మోడెము కీచుమని అరిచి, గురగురలాడి, నాలుగోసారికో అయిదోసారికో తగులుకునేది.

ఆ గదికి వచ్చినవాళ్ళలో ఒక పెద్దమ్మను మరవలేను. మా వీధి చివరి ఇల్లు. సాయంత్రం పూట నలుగురిని కూర్చోబెట్టుకుని భారతం చదివి అర్థం చెప్పే మనిషి. కొడుకు అమెరికాలో ఉద్యోగం. ఫోను ఖరీదని ఈ-మెయిలు రాస్తున్నానన్నాడట. చీటీ మీద రాసుకొచ్చిన అడ్రసు చూసి తెరిచి పెట్టాను. కొడుకు రాసింది తెలుగే. “అమ్మా, ఇక్కడ మంచు కురుస్తోంది, నాకేం భయం లేదు” అని మొదలయిన ఉత్తరం. కాని రాసింది ఇంగ్లీషు అక్షరాలతో. పెద్దమ్మ కళ్ళజోడు సవరించుకుని తెర దగ్గరికి వంగి చూసింది. తరువాత నా వైపు తిరిగి, “నాకు చదువొస్తుంది గదప్పా. ఇది ఎందుకు రాలా?” అంది.

నేనే చదివి వినిపించాను. భారతం చదివే మనిషి కొడుకు ఉత్తరాన్ని మరొకరి నోట వినవలసి వచ్చింది. ఆమెకు చదువు రాక కాదు. ఆమెకు వచ్చిన అక్షరాలు ఆ తీగ మీద నడవవు, అంతే. రెండో నెల నుంచి ఆమె కాగితం మీద తెలుగులో రాసుకొచ్చేది. దాన్ని స్కానరు మీద పెట్టి బొమ్మగా పంపేవాణ్ణి. ఒక పేజీ వెళ్ళేలోగా పెద్దమ్మ ఒక కాఫీ తాగి, మా ఇంట్లోవాళ్ళందరి క్షేమం కనుక్కునేది. కొడుకు దగ్గరనుంచి నాకు ఒక్క వాక్యం వచ్చింది: “అన్నా, అమ్మ చేతిరాత ఇంకా పంపించు.”

అక్షరం ఎందుకు నడవలేదో కంపోజింగు తెలిసినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. తక్కినవాళ్ళకోసం చెబుతాను. మా నాయన కాలంలో సీసపు అక్షరాలు గళ్ళపెట్టెలో ఉండేవి. తలకట్టుది ఒక గడి, వత్తులకు వేరే గళ్ళు. అచ్చయిన కాగితం చదవడానికి మీకు మా గళ్ళపెట్టెతో పని లేదు. డీటీపీ వచ్చాక ఆ గళ్ళపెట్టె కంప్యూటరులోకి ఎక్కింది. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లోనే తెలుగు ముక్కలను కూర్చి ఫాంటు అన్నారు. అను ఫాంటుకు ఒక అమరిక, మరో కంపెనీ ఫాంటుకు మరో అమరిక. తెలుగు దినపత్రికలు ఇంటర్నెట్టుకు ఎక్కినప్పుడు ఎవరి ఫాంటు వాళ్ళదే. కాగితం మీద ఉన్నంతవరకు దానివల్ల చిక్కు లేదు. అదే ఫైలు మరొక కంప్యూటరుకు పంపితే, ఆ ఫాంటు అక్కడ లేకపోతే, తెర నిండా పిచ్చిగీతలు. అంటే ఈసారి చదివేవాడి ఇంట్లో కూడా మా గళ్ళపెట్టె ఉండాలి!

దారి ఇచ్చిన కంపెనీకి ఈ గొడవ పట్టలేదు. పట్టవలసిన పని కూడా కాదు. బస్సు నడిపేవాడు ఎక్కినవాడు ఏ భాషవాడని అడగడు గదా. సరుకు తయారుచేసే కంపెనీలు మాత్రం ఎక్కువమంది కొనేది ఏదో చూసుకుని ఇంగ్లీషుకు, ఆ తరువాత హిందీకి మొగ్గాయి. తెలుగు సరుకు వచ్చినా అది హైదరాబాదు, విజయవాడ పాఠకుడిని దృష్టిలో పెట్టుకుని వచ్చింది. హొసూరు, బరంపురం, బళ్ళారి, యానాం ఆ లెక్కలో లేవు.

ఆ సమయంలో కొందరం కలిసి ఉచితంగా చోటు ఇచ్చే ఒక కంపెనీ దగ్గర చిన్న సైటు పెట్టాము. మా అవ్వ, ఆమె ఈడు వాళ్ళు పాడిన విసుర్రాయి పాటలు, నాట్ల పాటలు 63 ఉన్నాయి. రాగులు విసురుతూ పాడేవి కొన్ని, పెళ్ళికూతురిని సాగనంపేటప్పటివి కొన్ని. తెలుగు మాటల మధ్య కన్నడం, తమిళం కలగలిసి ఉంటాయి. వాటిని అచ్చుకు కూర్చి, బొమ్మలుగా మార్చి సైటులో పెట్టాము. ఆరేళ్ళు ఉన్నాయి. ఒకరోజు ఆ కంపెనీ ఈ సేవను ఆపుతున్నామని ఇంగ్లీషులో నాలుగు వాక్యాల నోటీసు పంపింది. నెల తిరిగేసరికి అడ్రసు కొడితే ఖాళీ పేజీ. ఎవరిని అడగాలి? డబ్బు కట్టలేదు గనుక మేము ఖాతాదారులమూ కాము. అద్దె లేని ఇంట్లో ఉన్నవాడికి ఖాళీ చేయమంటే ఏ కోర్టు ఉంది?

ఇది మాకు ఒక్కరికే జరిగింది కాదు. ఎందరో సొంత పేజీలు కట్టుకున్న జియోసిటీస్ 2009లో మూతపడింది. మన పిల్లలు తెగ కబుర్లాడిన ఆర్కుట్ 2014లో మూతపడింది. ఊళ్ళకు ఊళ్ళు లేచిపోయినట్టే.

మా పాటలు మాత్రం పోలేదు. వాటిని ఈ పత్రికలోనే విడతలుగా అచ్చువేసి ఉన్నాము. ఆ సంచికలు మీ ఇళ్ళలో ఉన్నాయి. కోట్ల పెట్టుబడి ఉన్న కంపెనీ దాచలేని పాటను రేకు పెట్టెలో మడత పెట్టుకున్న కాగితం దాచింది.

ఇంతలో అక్షరాల సంగతి మరోవైపు కుదుటపడుతూ వచ్చింది. యూనికోడ్ అనే ఏర్పాటు తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలు ఇచ్చింది. ‘అ’ అంటే 3077, ‘క’ అంటే 3093. ఏ కంపెనీ కంప్యూటరయినా, ఏ దేశంలోనయినా అంతే. 1991 నాటి మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. మన చేతికి అందింది మాత్రం 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో. దానిలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉండేది. అమెరికాలోని తెలుగువారు కొందరు సొంత పూనికతో పని చేశారు. దేశికాచారిగారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. పాత ఫాంట్ల పేజీలను యూనికోడులోకి మార్చి చూపే పద్మ అనే పనిముట్టును నాగార్జున వెన్న గారు చేశారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలయింది. తీగ మీద అక్షరం నడిచింది ఇటువంటి వారి చలవతో.

కంపెనీల దారి వేరుగా సాగింది. సత్యం ఇన్ఫోవే పేరు సిఫీ అయింది. 2005లో సత్యం తన వాటాను అమ్మేసింది. 2009 జనవరిలో సత్యం లెక్కల మోసం బయటపడేనాటికి సిఫీ వేరే చేతుల్లో ఉంది. ఒకప్పుడు ఐవే పేరుతో వీధివీధిన ఇంటర్నెట్ గదులు నడిపిన ఆ కంపెనీ నేడు ముఖ్యంగా డేటా సెంటర్లు, పెద్ద ఆఫీసుల నెట్‌వర్కులు చూసుకుంటుంది. ఇళ్ళకు దారి ఇచ్చే పనిని 2005 నుంచి బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండు, 2016 నుంచి జియో వంటివి పంచుకున్నాయి. మూడో సరుకు, అంటే వ్యాపారాలకు చేసిపెట్టే పని, ఇప్పుడు మా బజారుదాకా వచ్చింది. మొన్న ఒక కుర్రవాడు వచ్చి మా అచ్చాపీసుకు డిజిటల్ ప్యాకేజీ తీసుకోమన్నాడు. సైటు, ప్రకటన, వెతికితే మొదట కనిపించే ఏర్పాటు, అన్నీ కలిపి ఏడాదికింత. “తెలుగులో పెడతారా?” అన్నాను. “తెలుగులో ఎవరు వెతుకుతారు సార్?” అన్నాడు. ఆ కుర్రవాడి ఇంటి భాష తెలుగే.

అతన్ని కోప్పడి ప్రయోజనం లేదు. తమిళనాడులో 2006 నాటి చట్టంతో ఒకటో తరగతినుంచి తమిళం తప్పనిసరి అయింది. ఏడాదికొక తరగతి చొప్పున అది పైకి పాకింది. తమిళం నేర్వడం మంచిదే, ఈ నేలమీద బతికేవాళ్ళం. కాని తెలుగు చదువు పక్కకు జరిగి, ఇంట్లో తెలుగు మాట్లాడి, ఫోనులో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే తరం వచ్చింది. నాడు పెద్దమ్మకు అక్షరం వచ్చు, తీగ దాన్ని మోయలేదు. నేడు తీగ మోస్తుంది, మనవడికి అక్షరం రాదు. ఈ రెండో లోటును ఏ ప్యాకేజీ తీర్చదు. దాన్ని తీర్చవలసింది ఇంట్లోనే.

అందుకని మేము చేస్తున్న పని చెబుతాను. ఈ పత్రిక పాత సంచికలు ఫ్లాపీల్లో, సీడీల్లో పాత ఫాంట్లలో ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా యూనికోడులోకి మారుస్తున్నాము. మార్పిడిలో వత్తులు చెదురుతాయి, ‘ష’ పోయి ‘ప’ అవుతుంది. కాబట్టి ప్రతి పేజీని మనిషి చదవాలి. ఆదివారాల్లో నలుగురు పిల్లలు వస్తున్నారు. దిద్దడానికని వచ్చి చదవడం నేర్చుకుంటున్నారు. పూర్తయిన ప్రతి సంచికను మూడు ఊళ్ళలో మూడు ఇళ్ళ కంప్యూటర్లలో దాస్తున్నాము. ఒక ప్రతి కాగితం మీద ఉంటుంది.

మా దగ్గర కొన్ని సంచికలు చెదలు తిన్నాయి. అవ్వల పాటలు వచ్చిన సంచికల్లో రెండు వాటిలో ఉన్నాయి. మీ ఇంట్లో ఉంటే పోస్టులో పంపనక్కరలేదు, దారిలో పోతే మళ్ళీ దొరకవు. పేజీలకు ఫోనుతో ఫోటోలు తీసి పంపండి చాలు. ఆ ఫోటోలు తీసే పని మీ ఇంటి పిల్లలకే అప్పజెప్పండి. తీసిన పేజీలో ఒక్క పాటయినా వాళ్ళచేత చదివించండి.